మూడు నీళ్ళ జాడింపు

ఆ ఎండాకాలం మా ఇంట్లో దాదాపు రెండు నెలలు చేప ఉడకలేదు. మా పేట లంబాలైన్‌లో ఎవరికి చెప్పినా ముందు నవ్వారు, తర్వాత జాలిపడ్డారు. మా ఆయన పేరు బెన్‌హర్, దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో పనిచేస్తాడు. మాయాబందర్ ట్రిప్పు నుంచి వస్తూ ఐసుపెట్టెలో ఒక సురమై చేపైనా తేకపోతే ఆయనకి ఇంటికొచ్చినట్టే ఉండదు. అలాంటి ఇంట్లో పప్పుచారు, వంకాయ, మళ్ళీ పప్పుచారు. పక్కింటి గవరయ్య బాబాయి గోడ మీంచి తల పెట్టి, "ఏటమ్మా రాణీ, మీ పిల్లి మా గుమ్మంలో కాపరం పెట్టీసింది. ఏటి సంగతి?" అనడిగాడు. సంగతంతా మా సిల్వియా మెడ మీద ఉంది బాబాయ్ అన్నాను.

సిల్వియా మా ఒక్కగానొక్క కూతురు. దానికి సైకిలు పిచ్చి. బజారుకెళ్ళి కొత్తిమీర తెచ్చే సైకిలు కాదు. తెల్లారీ తెల్లారకముందే హెల్మెట్ పెట్టుకుని చిడియా టాపు రోడ్డు మీద పడి, స్కూలు బెల్లు కొట్టే లోపల ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చే సైకిలు. ఏప్రిల్ రెండో శనివారం సెలక్షన్ రేసు. అందులో ముందొచ్చిన నలుగురు ఆడపిల్లలు మన దీవుల జట్టులో మెయిన్‌ల్యాండ్ వెళ్ళి దేశమంతటి పిల్లలతో తొక్కుతారు. అంతకు ముందు ఏడు మా పిల్లది ఐదో స్థానం. నాలుగో పిల్ల చక్రానికీ దీని చక్రానికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆ మూరెడు తలుచుకుని ఏడాదంతా తొక్కింది. వయసు లెక్క ప్రకారం ఆ విభాగంలో దానికి అదే ఆఖరి రేసు. అందుకని మా ఇంటి క్యాలెండర్‌లో ఆ ఏడు ఒకటే తేదీ ఉండేది.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే కథ నడవదు. నా పేరు బేబీరాణి. మా తెలుగు చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు పదకొండేళ్ళుగా నేనే ఉతుకుతున్నాను. బల్ల తీసుకునే ఆదివారాల్లో ఆడవాళ్ళమంతా తెల్లచీరలు కట్టుకుంటాం. నా పక్కన కూర్చుంటే తమ చీర పసుపుగా కనబడుతుందని వెనకాడేవాళ్ళున్నారు. గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. గుప్పెడు సబ్బు పౌడరు, మూతెడు క్రిములు చంపే లోషను, చివర్లో నాలుగు చుక్కలు పువ్వుల వాసన నీళ్ళు, ఆ పైన మూడు నీళ్ళ జాడింపు. ఇదీ నా పద్ధతి. ఉతుకు విషయంలో నన్ను వేలెత్తి చూపేవాళ్ళు ఇంకా పుట్టలేదని నా నమ్మకం.

ఫిబ్రవరి మధ్యలో ఒకరోజు సిల్వియా తొక్కి వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా నా ముందు నిలబడి జెర్సీ కాలరు కిందికి లాగింది.

"అమ్మా, దేఖో నా. జలన్ అవుతోంది, ఒకటే మంట."

మెడ చుట్టూ ఎర్రటి పట్టీ. చంకల కింద, నడుం దగ్గర ఎలాస్టిక్ బిగిసే మేర, తొడల లోపల, అన్నిచోట్లా అదే ఎరుపు, దాని మీద సన్నటి పొక్కులు. చెయ్యి వెయ్యబోతే వెనక్కి గెంతింది.

"చెమటకాయలే. పౌడరు రాసుకో," అన్నాను.

రాసుకుంది. సాయంత్రానికి రెండింతలైంది.

ఇక మా అత్త అసిరమ్మ రంగంలోకి దిగింది. డెబ్బై దాటిన మనిషి, ఈ దీవిలోనే పుట్టింది, శ్రీకాకుళం ఎరగదు, కానీ నోరు తెరిస్తే పాతపట్నం సంతలో నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మనవరాలి మెడ వెలుగులోకి తిప్పి చూసి తీర్పు చెప్పేసింది.

"ఒలే, ఇది నంజు. రొయ్యలూ పీతలూ తినీసి ఎండలో తిరిగితే రాదేటి? నీసు మానిపించాల. గుంట ఒక్కర్తినీ మానమంటే ఎలగ మానుద్ది? ఇంటిల్లిపాదీ మానాల. దీనికి తగ్గేదాకా నేనూ ముట్టను, పెబువు ముందు నా మొక్కుబడి ఇది."

చేప లేనిదే ముద్ద దిగని మనిషి ఆ మాట అనేసరికి మేమంతా నోరు మూసుకున్నాం. అలా మొదలైంది వంకాయల కాలం.

చేప ఒక్కటే మానిపించి ఊరుకుంటే అది మా అత్త ఎందుకవుతుంది? రోజూ వేపాకు ముద్ద నూరి పట్టించింది. చర్చిలో ఒకామె కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె సీసా ఇచ్చింది. ఇంకొకామె నిమ్మరసం అంది. మా ఆయన మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చాడు. అది రాస్తే రెండు రోజులు చల్లబడి మూడో రోజు పగ తీర్చుకున్నట్టు పైకి లేచేది. నా వంతుగా నేనేం తక్కువ తిన్నానా? క్రిములేమో అని ఉతుకులో పౌడరు ఇంకో గుప్పెడు పెంచాను, లోషను ఇంకో మూత పోశాను.

మార్చి మొదటివారంలో కోచ్ రామ్‌ప్రసాద్ గారు ఇంటికొచ్చారు. ఆయనది బీహార్ కుటుంబం, మాతో హిందీలోనే మాట్లాడతారు. టీ ఇస్తే పక్కన పెట్టేశారు.

"భాభీజీ, ఇరవై కిలోమీటర్లకే దిగిపోతోంది. దమ్ హై, టాంగేఁ హైఁ, మగర్ చమ్‌డీ సాథ్ నహీఁ దే రహీ. ఇలాగైతే లిస్టులోంచి పేరు తీసి వేరే పిల్లకి ఛాన్స్ ఇవ్వాల్సి వస్తుంది. పదిహేను రోజులు చూస్తాను."

దమ్ముంది, కాళ్ళున్నాయి, చర్మమే తోడు రావడం లేదు. ఆయన వెళ్ళేదాకా సిల్వియా తలుపు వెనక నిలబడి విని, తర్వాత సైకిలు చెయిను తుడుస్తూ కూర్చుంది. అది ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలుసు. ఏడవకుండా చెయిను తుడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అత్త కూడా బయల్దేరింది, కేసు తనది కనక.

చర్మం డాక్టరమ్మ విశాఖపట్నం మనిషి, తెలుగావిడ. చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉంది గానీ మాట ఖచ్చితం. సిల్వియాని కిటికీ దగ్గర నిలబెట్టి మెడ, చంకలు, నడుము చూసింది. తర్వాత ముంజేతులూ మొహమూ చూసింది. అవి శుభ్రంగా ఉన్నాయి.

"ఇప్పటిదాకా ఏమేం రాశారు?"

నేను వేళ్ళు మడిచాను. వేపముద్ద, పసుపు, కర్పూరం నూనె, నిమ్మరసం, ట్యూబు, స్నానం నీళ్ళలో లోషను.

"ఇన్ని ఒక్కసారి మీద పడితే బాగున్న చర్మం కూడా తిరగబడుతుందమ్మా," అంది. "మీ అమ్మాయి చర్మం త్వరగా కోపం తెచ్చుకునే రకం. అది జబ్బేం కాదు, స్వభావం. ముందు దాన్ని ప్రశాంతంగా వదిలెయ్యాలి. ఈ ట్యూబు మాత్రం ఇంకెప్పుడూ డాక్టరు చెప్పకుండా రాయకండి, చర్మాన్ని పలచబరుస్తుంది."

"సేపలు మానిపించీసాం," అంది అత్త గర్వంగా.

"తిండి వల్లయితే బట్ట బిగిసే చోటే పట్టీ కట్టినట్టు ఎందుకొస్తుంది మామ్మగారూ? మొహం బాగానే ఉంది కదా?"

అత్త మొహం గంటు పెట్టుకుంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నేనే."

"ఎన్ని నీళ్ళలో జాడిస్తారు?"

ఇక్కడ మా ఊరి నీళ్ళ సంగతి చెప్పాలి. ఫిబ్రవరి వచ్చిందంటే మా కుళాయి మూడు రోజులకోసారి, అదీ గంటలోపే. రెండు డ్రమ్ములూ నాలుగు బిందెలూ, వాటితోనే మూడు రోజులు వండుకోవాలి, తాగాలి, కడుక్కోవాలి. మా వీధిలో అందరూ అన్నీ తగ్గించుకుంటారు. నేను జాడింపు తగ్గించాను. మూడు నీళ్ళు ఒక్క నీళ్ళయింది. ఆ ఒక్కటి కూడా ముందు బట్టలకి వాడిన బకెట్టే. పౌడరు మాత్రం తగ్గలేదు, పైగా పెరిగిందని చెప్పాను కదా.

కానీ పదకొండేళ్ళుగా ప్రభువు బల్ల గుడ్డలు ఉతికే మనిషిని, పక్కన అత్తా కూతురూ వింటుండగా ఒక్క నీళ్ళని ఎలా అంటాను? ఆవిడ నా ఉతుకుకే వంక పెడుతోందని ఒళ్ళు మండింది.

"మూడు," అన్నాను. "నా ఉతుకు సంగతి చర్చిలో ఎవర్నైనా అడగండి."

డాక్టరమ్మ రాసుకుంది. నా మాట నమ్మి అక్కడితో ఆ ప్రశ్న వదిలేసింది. స్నానానికి మామూలు నీళ్ళు, వాసన లేని సబ్బు కొంచెం. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ఒళ్ళు తడి ఆరకముందే వాసన లేని క్రీము పలచగా. కొత్తది ఏదైనా రాయాలంటే ముందు మోచేతి లోపల కొద్దిగా రాసి నాలుగు రోజులు ఆగి చూడాలి. సైకిలు దిగగానే చెమట బట్టలు మార్చెయ్యాలి. అంతే. ఇంత చిన్న చీటీ కోసమా రెండు గంటలు లైన్లో నిలబడ్డాం అని అత్త దారంతా సణిగింది.

చీటీ చిన్నదే గానీ పనిచేసింది, సగం. వారం రోజులకి పాత పుండ్లు మానాయి, చర్మం మెత్తబడింది. తొక్కి వచ్చిన రోజు మాత్రం మళ్ళీ ఆ పట్టీలు ఎర్రగా లేచేవి. సిల్వియా ఇరవై దాటి ఇరవై నాలుగు కిలోమీటర్ల దాకా వెళ్ళింది. ఇంకో ఆరు మిగిలాయి. రామ్‌ప్రసాద్ గారు గడువు ఇంకో వారం పొడిగించారు. అత్త మాత్రం, వేపముద్ద మానేసినందువల్లే పూర్తిగా తగ్గడం లేదని డాక్టరమ్మని రోజూ తిట్టేది.

మార్చి ఆఖరివారంలో ఒక సాయంత్రం, ఎవరూ అనుకోని వాన పడింది. వీధి వీధంతా బకెట్లు పట్టుకుని బయటికి పరిగెత్తింది. గవరయ్య బాబాయి రేకు కింద బిందె పెట్టి "హల్లెలూయ" అని కేకలు పెట్టాడు. ఆ గోలలో సిల్వియా తడిసి ముద్దయి వచ్చింది, నవ్వుతూ, వణుకుతూ. నేరుగా బాత్రూంలో దూరి, తడిబట్టలు తలుపు సందులోంచి నా చేతిలో పడేసింది.

"అమ్మా, రోడ్డు మీద అంతా గందగీ. చూడు, షార్ట్స్ నిండా తెల్లగా ఏదో అంటుకుంది!"

తెల్లగా ఉన్నది రోడ్డు మురికి కాదు. నేను ఆ షార్ట్స్ పిండాను. వేళ్ళ సందుల్లోంచి నురగ వచ్చింది. జెర్సీ కాలరు పిండాను. అక్కడా నురగే. ముందు రోజు ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చిన బట్టలు. వాసన చూస్తే నా పువ్వుల వాసనే. వాన పడుతూనే ఉంది. నేను ఆ బట్టలు చూరు కింద పెట్టాను. చాలాసేపటి దాకా అవి నురగ కక్కుతూనే ఉన్నాయి.

లోపల్నుంచి సిల్వియా, "అమ్మా, తువ్వాలు!" అని మూడోసారి అరిచింది. ఇచ్చాను.

ఆ రోజు చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాటి నుంచి దాని బట్టలు విడిగా, చిటికెడు పౌడరుతో, లోషనూ వాసనా లేకుండా ఉతికి మూడు నీళ్ళలో జాడించడం మొదలుపెట్టాను. నీళ్ళకోసం నా స్నానం రెండు చెంబులకి దించాను. మా ఆయన, "రాణీ, ఈమధ్య నీ దగ్గర వంటింటి వాసనొస్తోంది," అన్నాడు. ఎండాకాలం కదండీ అన్నాను.

వారానికి ఎరుపు తగ్గింది. పది రోజులకి మెడ మెడలా ఉంది. ముప్పై కిలోమీటర్లూ తొక్కి వచ్చి, గుమ్మంలో సైకిలు పడేసి, "అమ్మా! పూరా! పూరా తొక్కాను!" అని ఇల్లంతా గంతులేసింది. నాకు పట్టలేనంత సంతోషం. అరిచి చెప్పాలనిపించింది. అదే సమయంలో దాక్కోవాలనీ అనిపించింది. మా పిల్ల బాగుపడితే ఆ సంగతి ఎవరికీ వివరంగా చెప్పుకోలేని తల్లిని నేనొక్కదాన్నేనేమో.

రేసు ముందు ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. అత్త లేచింది. మైకు అడిగి మరీ తీసుకుంది.

"నా మనవరాలికి నంజు వొచ్చి ఒళ్ళంతా కాలిపోయింది. డాట్రమ్మ వల్ల అవ్వనేదు. నేను నీసు మానీసి మొక్కుకున్నాను. నా పెబువు నా మొర ఆలకించీసాడు! రేసు అయ్యేదాకా నీసు ముట్టం!"

స్తోత్రం అన్నారు అందరూ. నేను కూడా అన్నాను, పెదాలతో. ఆ రోజు తెల్లచీరలో ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టు కూర్చున్నాను. సరేలే, పిల్ల తొక్కుతోంది, ముసలావిడ సంతోషపడుతోంది, ఎవరికేం నష్టం అని నాకు నేను చెప్పుకున్నాను.

నష్టం శుక్రవారం వచ్చింది.

గురువారం రేసు వాళ్ళు కొత్త జెర్సీ, షార్ట్స్ ఇచ్చారు, వీపు మీద నంబరుతో. ఇరవై మూడు. ఆ బట్టలు వేసుకోకపోతే లైను మీద నిలబడనివ్వరు. శుక్రవారం డైరీ ఫార్మ్ పేటలో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక ఉంటే వెళ్ళి, మూడున్నరకి ఇంటికొచ్చాను. తీగ మీద ఇరవై మూడు ఆరుతోంది. పది అడుగుల దూరానికే పువ్వుల వాసన.

"నేనే ఉతికీసాను," అంది అత్త, మొహం వెలిగిపోతూ. "కొత్త బట్ట గరుకుగా ఉంటాదని. అచ్చం నీలాగే సేసాను. రెండు గుప్పిళ్ళు పౌడరు, రెండు మూతలు లోషను, ఆ వాసన నీళ్ళు కూడా. ఒక్క నీళ్ళు తీసీసాను, నీళ్ళు దండగ సెయ్యనేదు. నిన్ను సూసి నేర్సుకున్నదే కదేటి!"

సిల్వియా వరండాలో టైరుకి గాలి కొడుతోంది. "వాహ్ నానమ్మా, క్యా ఖుష్‌బూ!" అంది.

నేను డ్రమ్ము మూత తీసి చూశాను. అడుగున బకెట్టు నీళ్ళున్నాయి. కుళాయి మళ్ళీ శనివారం సాయంత్రం. రేసు శనివారం పొద్దున్న ఆరున్నరకి. ఆ బకెట్టు ముట్టుకుంటే ఎందుకని అడుగుతారు. ముట్టుకోకపోతే, రేపు ముప్పై కిలోమీటర్ల చెమటలో ఆ బట్ట ఏం చేస్తుందో నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు.

"అత్తా, అది మళ్ళీ జాడించాలి."

"ఏం? మురికి పోనేదా?"

"మురికి పోయింది. సబ్బు పోలేదు."

"సబ్బు ఉంటే ఏటవుద్ది? నువ్వలగే కదా..."

"నేనలాగే చేశాను. ఫిబ్రవరి నుంచి దాని బట్టలకి ఒక్క నీళ్ళే పోశాను. దాని ఒంటి మీద వచ్చిందంతా దానివల్లే. నంజు కాదు అత్తా. నా ఉతుకు."

వరండాలో పంపు చప్పుడు ఆగిపోయింది.

సిల్వియా లోపలికొచ్చింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ వాన రోజు."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులుగా నేను వంకాయ తింటున్నానా?"

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"డాక్టర్ దీదీ అడిగింది కదా అమ్మా. నువ్వు మూడు అన్నావు. నేను అక్కడే ఉన్నాను." మెడ తడుముకుంది. "నా ఒళ్ళే ఖరాబ్ అనుకున్నాను. అందరి పిల్లలకీ లేనిది నాకే ఎందుకని అద్దంలో చూసుకుని ఎన్ని రోజులు..."

"నీ ఒళ్ళు మంచిదే అమ్మా. నా నోరే మంచిది కాదు. గొప్పకి పోయాను. నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు, రేపు రేసు అయ్యాక తిట్టు. ఇప్పుడు మాత్రం నీళ్ళు కావాలి."

అత్త మంచం మీద కూలబడింది. "ఓలమ్మో! నేను మైకట్టుకుని సాచ్చికం సెప్పీసానే! పాస్టరు గారు కూడా స్తోత్రం అనీసారే!" రెండు నిమిషాలు గుండెలు బాదుకుంది. తర్వాత ఆవిడే లేచి కొంగు దోపుకుంది. "నన్ను తర్వాత ఏడిపిద్దురు. ముందు పొద్దు గుంకేలోగా పని సూడండి. ఆ బకెట్టు తియ్యి. తాగడానికి రేపు కొబ్బరిబోండాలు తాగుదుం."

మొదటి బకెట్టులో ముంచితే పాలవిరుగుడులా తెల్లబడింది నీరు. ఇక ఇంట్లో చుక్క లేదు. నేను బిందె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, ఒక బిందె నీళ్ళు కావాలి."

ఎండాకాలంలో మా వీధిలో చేబదులు ఏదైనా అడగొచ్చు గానీ నీళ్ళు అడగరు. గవరయ్య బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. "దేనికమ్మా?"

చెప్పాను. గోడ అవతల బాబాయి, ఇటు పక్కింటి అప్పలకొండ వదిన, రోడ్డు మీద వెళ్తున్న ఇద్దరూ ఆగి విన్నారు. తెల్లచీరల బేబీరాణి ఒక్క నీళ్ళలో ఉతుకుతుందని, కూతురి ఒళ్ళు కాల్చిందని, డాక్టరుకి అబద్ధం చెప్పిందని, అన్నీ నా నోటితోనే చెప్పాను. సగంలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

అప్పలకొండ వదిన మొహం అదోలా పెట్టింది. "నేనూ ఒక్క నీళ్ళే కదే ఈ రెండు నెల్లూ," అంది మెల్లగా. "మా ఆయన నడుం కాడ దురద దురదని సస్తన్నాడు." అని లోపలికెళ్ళి బిందెడు తెచ్చింది. బాబాయి గోడ మీంచి తన బిందె అందించాడు. తర్వాత ఎవరు చెప్పారో ఏమో, నాలుగిళ్ళ నుంచి తలా ఒక చెంబూ ఒక తప్పేలా వచ్చాయి. ఇంత తిట్టు పడుతుందనుకున్న చోట ఇన్ని నీళ్ళొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే జాడించాను.

రెండో నీళ్ళు, మూడో నీళ్ళు. సిల్వియా వచ్చి నా పక్కన కూర్చుంది. నేను పిండిన నీళ్ళు స్టీలు గ్లాసులో పట్టి, అరచేత్తో మూసి గిలకొట్టి చూసింది. బుడగలు. "ఇంకోటి," అంది. నాలుగో నీళ్ళు. మళ్ళీ గిలకొట్టింది. నాలుగైదు బుడగలు లేచి ఆరిపోయాయి. "ఔర్ ఏక్." ఐదో నీళ్ళకి గ్లాసులో నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి.

మా దీవిలో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, విషయం విని, ఆ బట్టలు పొడి తువ్వాల్లో చుట్టి కాళ్ళతో తొక్కి తడి పీల్చాడు. సముద్రం గాలి తిరిగింది. ఏడు దాటేసరికి ఇరవై మూడు ఆరింది, ఏ వాసనా లేకుండా. సిల్వియా దాన్ని బుగ్గకి ఆనించి చూసుకుని తన గదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరికి వేసుకుంది.

మర్నాడు పొద్దున్న కార్బిన్స్ కోవ్ రోడ్డు మీద పద్నాలుగు మంది ఆడపిల్లలు లైను కట్టారు. విజిల్ ఊదగానే కొబ్బరిచెట్ల మలుపు తిరిగి మాయమైపోయారు. ఆ తర్వాత మాకు చూడ్డానికి ఏమీ లేదు, సముద్రం తప్ప. వెనక జీపులో వెళ్ళిన రామ్‌ప్రసాద్ గారు మధ్యమధ్యలో మా ఆయనకి ఫోన్ చేస్తున్నారు.

"ఎనిమిదో కిలోమీటరు, తొమ్మిదో స్థానం."

అత్త కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది.

"పదిహేను. వెనక్కి తిరిగారు. ఏడు."

"ఇరవై," అన్నాడు మా ఆయన. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇరవై దగ్గరే కదా ఎప్పుడూ దిగిపోయేది. "దిగలేదు. ఆరు!"

"ఇరవై ఐదు. ఐదో పిల్ల వెనకే ఉందట. రాణీ, చెయ్యి వదులు, గోళ్ళు దిగుతున్నాయి."

అప్పుడు మలుపులో జనం గోల లేచింది. ముందు ఇద్దరు పిల్లలు, వెనక ఒకామె ఒంటరిగా. వాళ్ళు గీత దాటాక, ముగ్గురు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు వచ్చారు. మధ్యలో ఇరవై మూడు. తల దించి, మోచేతులు దగ్గరికి లాక్కుని, సైకిలు కుడి ఎడమలకి ఊగుతుంటే తొక్కుతోంది. "తొక్కే! తొక్కే నా తల్లీ!" అని అత్త గొడుగు ఊపుతోంది. ముగ్గురూ ఒక్కసారే గీత మీద పడ్డారు. నాలుగో స్థానం ఎవరిదో ఒక్కరికీ అర్థం కాలేదు. జడ్జీలు ముగ్గురూ ఫోన్లో తీసిన వీడియో మీద తలలు వంచారు.

సిల్వియా సైకిలు దిగింది. జనంలో వెతికి, నేరుగా నా దగ్గరికొచ్చింది. ఏమంటుందోనని భయమేసి నేనే ముందు నోరు తెరిచాను.

"మంట ఉందా?" అన్నాను.

అది ఊపిరి తీసుకోలేక నడుం మీద చేతులు పెట్టుకుని వంగింది. తర్వాత నిటారుగా నిలబడి, రెండు చేతులతో కాలరు కిందికి లాగి, మెడ అటూ ఇటూ తిప్పి చూపించింది.

"నువ్వే చూడు."

చూశాను. వందమంది ముందు, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. చెమట ఉంది. రోడ్డు దుమ్ము ఉంది. దాని కింద మా పిల్ల రంగే, చామనఛాయ, ఎక్కడా మచ్చ లేదు. వేలు పెట్టి తాకాను. వెనక్కి గెంతలేదు.

అంతే, అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే జడ్జీలు తలెత్తి చూశారు. చెప్పులు వదిలేసి ఎగిరాను. రామ్‌ప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చి, "భాభీజీ, భాభీజీ! రిజల్ట్ అభీ నహీఁ ఆయా!" అన్నారు.

"రానివ్వండి భయ్యా, దానిష్టం!" అని మళ్ళీ అరిచాను.

సిల్వియా నన్ను చూసి ముందు సిగ్గుపడింది, తర్వాత నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది. నిన్న సాయంత్రం నుంచి దాని మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. అప్పుడే మైకు గరగరమంది. నాలుగో స్థానం, నంబరు ఇరవై మూడు.

అది నా మీదకి దూకి మెడ కౌగిలించుకుంది. దాని చెమటంతా నా చీరకే. "ఇప్పుడు! ఇప్పుడు అరవమ్మా!" అంటోంది.

నోరు తెరిచాను. గొంతులో ఉన్న అరుపంతా ఇందాకే ఖర్చయిపోయింది. మా అత్తే తన వంతూ నా వంతూ కలిపి అరిచింది.